ఆరు బోల్టుల హబ్బు

ఉప్పుగాలి నెల, 2

ఈ పుస్తకంలో బండి పనులు మాత్రమే రాయాలని కమిటీ రూలు. తిట్లు రాయకూడదట. పోయిన ఏడు నేను రాసిన పేజీలు రెండు చింపేశారు. ఇవాళ బండి పనీ తిట్లూ కలిసే వచ్చాయి, విడదీసి రాయడం నా వల్ల కాదు. చింపుకునేవాళ్ళు చింపుకోండి.

ఆసుపత్రికి బయల్దేరిన మా కాలనీ బండి ఆరో కిలోమీటరు రాయి దగ్గర ఆగిపోయింది. ముందు ఎడమ చక్రం బేరింగు పట్టేసి, హబ్బు నిలువునా పగిలింది. చక్రాన్ని యాక్సిలుకి పట్టి ఉంచేది ఆ హబ్బే. అది లేకపోతే బండి ఉన్నా లేనట్టే. తోటల్లో ఎరువు మోసే, ఎండకి నడిచే చిన్న బళ్ళు రెండు కట్టి లాక్కొచ్చే సరికి సాయంత్రమైంది. డ్రైవరు బైరాగి మొహం పిండి రాసినట్టు తెల్లగా అయిపోయింది. అతని మీద అరవడానికి నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాను. తప్పు అతనిది కాదు. పోయిన నెలలోనే ఆ చక్రం కీచుమంటోందని చెప్పాడు. గ్రీజు పెట్టి పొమ్మన్నది నేనే.

బండిలో ఉన్నది మా అప్ప పారమ్మ. నా తోడబుట్టిన అక్క, ఆరేళ్ళు పెద్దది. రెండు మూత్రపిండాలూ పోయి నాలుగేళ్ళయింది. పొట్టకి గొట్టం అమర్చారు. రోజుకి నాలుగు సంచుల మందునీళ్ళు లోపలికి ఎక్కించుకుని దింపుకుంటే ఒంట్లో విషం ఆ నీళ్ళతో పోతుంది. ఆ సంచులిచ్చేది నల్లకొండ ఆసుపత్రి. మధ్యలో నూటపది కిలోమీటర్ల ఉప్పుపర్ర, చెట్టూ చేమా లేని నేల. మనిషి నెలకోసారి వెళ్ళి రక్తం చూపించుకోనిదే సంచులివ్వరు. రక్తాన్ని సరుకులు మోసే ఎగిరే బుట్టలో, అదే డ్రోనులో, పంపి చూశాం ఒకసారి, ఎండకి పాడైపోయిందని తిప్పి పంపారు. ఆసుపత్రికి సొంత బండి లేదు. ఎవరి కాలనీ బండి వాళ్ళే చూసుకోవాలి. మాకున్న బండి ఇదొక్కటే.

అప్ప ఇంటికెళ్ళి సంచులు లెక్కపెట్టాను. అరవై ఎనిమిది. అంటే పదిహేడు రోజులు.

ఉప్పుగాలి నెల, 3

పొద్దున్నే హబ్బు ఊడదీసి కొలుద్దామని కూర్చున్నానో లేదో, కూర్మినాయుడు మావ నవ్వుకుంటూ షెడ్డులోకి వచ్చాడు. కమిటీకి పెద్ద ఆయన. మనిషి మంచివాడే. మంచివాళ్ళు తొందరపడితే జరిగే నష్టం చెడ్డవాళ్ళు ఆలోచించి చేసినా జరగదు.

“ఒలే తవిటీ, నువ్వేటీ గాబరా పడకు. నిన్న మద్దేనమే హబ్బుకి ఆర్డరెట్టీసినాను. బండి ఇంకా దార్లో ఉండగానే!”

“ఏ కొలతలిచ్చినావు మావా?”

“కొలతలెందుకే? బండి ప్లేటు మీదున్న నెంబరు కొట్టినాను. నూటికి నూరు పాళ్ళు సరిపోతాదని పచ్చ టిక్కు కూడా వొచ్చినాది.”

నా చేతిలో స్పానరు కింద పడింది. పడింది కాదు, విసిరాను. నిజమే రాస్తున్నాను.

ఆ ప్లేటు ఈ బండిది కాదు. సముద్రం మీదికొచ్చినప్పుడు నలభై ఒక్క కుటుంబాలని ఈ గుట్ట మీదికి చేర్చిన పాత బస్సుది. ఆ బస్సు తొమ్మిదేళ్ళు నడిచి చచ్చిపోతే, తాత పోయాక మనవడికి తాత పేరు పెట్టినట్టు, దాని నెంబరు ప్లేటు కోసి కొత్త బండికి కొట్టుకున్నాం. కొబ్బరికాయ కొట్టి, పేరు పెట్టే వేడుక చేశాం. అప్పటినుంచీ బండి ఎక్కే ప్రతివాళ్ళూ ఆ ప్లేటుని ముట్టుకుని కళ్ళకద్దుకునే ఎక్కుతారు. బాగానే ఉంది. కానీ విడిభాగాల కేంద్రంలో ఉన్న యంత్రానికి ఈ పేరు పెట్టే వేడుకలు తెలీవు. మాది ఇంకా నలభై సీట్ల బస్సేననుకుంటోంది అది. మాది పన్నెండు సీట్ల వ్యాను.

మావకి తెలీదా ఈ సంగతి? ఎందుకు తెలీదు! ప్లేటు కొట్టిన రోజు హారతిచ్చింది ఆయనే. కానీ పదమూడేళ్ళుగా ఇదే ఆ బస్సు అని అనుకుంటూ అనుకుంటూ నిజంగానే నమ్మేశాడు. ఆయనొక్కడే కాదు, కాలనీ అంతా అంతే. ఇన్నాళ్ళూ దొరికిపోలేదంటే కారణం నేను. ఏ బండికైనా పట్టే బల్బులూ బెల్టులూ మాత్రమే తెప్పించి, మిగతావన్నీ కోసి, సాగదీసి, అతికించి నడిపించుకొచ్చాను.

కేంద్రానికి ఫోను చేశాను. మనిషి పలకదు. సహాయిని అని ఒక గొంతు పలుకుతుంది. తేనె పూసినట్టుంటుంది ఆ గొంతు, వింటేనే ఒళ్ళు మండుతుంది.

“గౌరవనీయ వినియోగదారు గారూ, మీరు కోరిన భాగం మీ వాహనానికి సంపూర్ణంగా సరిపోతుంది.”

“సరిపోదు. మా బండికి అయిదు బోల్టులు. నీ దగ్గరున్న లెక్క వేరే బండిది. ఆర్డరు ఆపు, నేను కొలతలు చెప్తాను రాసుకో.”

“తయారీ ప్రారంభమైనది కనుక రద్దు వీలుపడదు. కొలతలు స్వీకరించబడవు. గతంలో వినియోగదారులు తప్పుడు కొలతలు పంపినందున ఆ సదుపాయం తొలగించబడినది.”

“నేను ముప్పై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను. కొలిస్తే వెంట్రుకంత తేడా రాదు నాకు.”

“మీ అనుభవాన్ని గౌరవిస్తున్నాము. ఇంకేమైనా సహాయం కావాలా?”

గౌరవం నీ మొహం. ఫోను పెట్టేశాను. ఎవరో ఎక్కడో తప్పు కొలిచారట, అందుకని ఎవరూ కొలవకూడదట.

ఉప్పుగాలి నెల, 5

పగిలిన హబ్బుని వెల్డింగు పెట్టి అతికించాను. షెడ్డు చుట్టూ నాలుగు చుట్లు తిరగ్గానే మళ్ళీ విడిపోయింది. పోత ఇనుము, అతుకు నిలవదు. నిలవదని తెలిసే చేశాను. చేతులు కట్టుకుని కూర్చోలేక చేశాను.

ఉప్పుగాలి నెల, 9

కేంద్రం నుంచి ఎగిరే బుట్ట వచ్చింది. కాలనీ సగం షెడ్డు ముందు చేరింది. అప్ప కూడా వచ్చి అరుగు మీద కూర్చుంది. పెట్టె విప్పాను. ఆరు బోల్టులు. తళతళా మెరుస్తున్న, చక్కటి, ఎందుకూ పనికిరాని ఆరు బోల్టుల హబ్బు.

ఇలాంటిదే వస్తుందని నాకు తెలుసు. తెలిసి కూడా, ఏమో, ఆ యంత్రానికి ఎక్కడో బుద్ధి పుట్టి సరైనదే పంపుతుందేమో అని కడుపులో ఓ మూల ఆశ పెట్టుకున్నాను. ఆ ఆశ మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది.

“అయిదు సిల్లులు మనమే ఎట్టుకుంటే అవదేటి వదినా?” అన్నాడు బైరాగి.

“బోల్టులొక్కటే అయితే ఇప్పుడే ఎట్టీసీదాన్ని బాబూ. లోపల బేరింగు గూడే తొమ్మిది మిల్లీమీటర్లు పెద్దది. పిల్లాడికి తాత సొక్కా తొడిగినట్టుంటాది.”

మావ హబ్బుని అటూ ఇటూ తిప్పి చూశాడు. “పచ్చ టిక్కు వొచ్చినాదే...” అన్నాడు.

“ఆ పచ్చ టిక్కుని నూరి సారులో ఏసుకో మావా.”

అందరూ ఉన్నారని చూడలేదు. ఆయన మొహం చిన్నబోయింది. చిన్నబోనీ.

వాపసు పంపితే, అది అక్కడికి చేరి, తనిఖీ అయ్యి, మళ్ళీ ఆర్డరు పెట్టడానికి అనుమతి రావడానికి పద్దెనిమిది రోజులు. అనుమతి వచ్చినా ఏం లాభం, అదే నెంబరుకి మళ్ళీ అదే ఆరు బోల్టులది పంపుతారు. బుట్ట రెండు రోజులు ఆగుతుంది. పదకొండో తారీకు మధ్యాహ్నం తిరిగి వెళ్ళిపోతుంది. ఈ లోపల దారి కనిపెట్టాలి.

ఉప్పుగాలి నెల, 10

పొద్దున్నే అప్ప ఇంటికెళ్ళి సంచులు లెక్కపెట్టాను. నలభై ఉండాలి. నలభై ఏడున్నాయి.

మళ్ళీ లెక్కపెట్టాను. నలభై ఏడే.

సంచులు వాటంతటవి పిల్లల్ని పెట్టవు కదా. అప్ప చీర కుచ్చిళ్ళు పైకెత్తి కాళ్ళు చూశాను. వేలుతో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది.

“రోజుకి మూడే వాడతన్నావు నువ్వు.”

“ఏడు మిగిల్నాయా నేదా?” అంది అప్ప, ఏదో ఘనకార్యం చేసినట్టు. “హబ్బు ఎప్పుడొత్తాదో ఏటో అని పొదుపు సేసినాను.”

“ఇది పంచదార కాదు పొదుపు సెయ్యడానికి! ఒంట్లో ఇసం పొదుపు సేత్తన్నావు నువ్వు! సచ్చిపోతావే అప్పా!”

“అరవకే. గుండె దడొత్తాది నాకు.”

నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే కోపం తగ్గిపోతుందని ఆపుకున్నాను. కోపం తగ్గితే ఈ పని నడవదు.

షెడ్డుకొచ్చి సహాయినికి మళ్ళీ ఫోను చేశాను. ఈసారి అరవలేదు. మెల్లగా, దానికి అర్థమయ్యే పుస్తకాల భాషలో అడిగాను, ప్లేటు మీది సంఖ్య తప్పయితే మా వాహనాన్ని గుర్తించే మరో మార్గం ఏమున్నదీ అని.

“ప్రతి వాహనపు చట్రం మీదా తయారీదారు చెక్కిన సంఖ్య ఉంటుంది. దానిని చదివి చెప్పండి. ఆ సంఖ్య ప్రకారం భాగం పంపగలము.”

ఎంత తేలిక! బండి కింద దూరి, ముందు సీటు కింద చట్రం మీద చదివి చెప్తే సరిపోయేది. చట్రం మీద ఆ చోట అరచెయ్యంత మేర నున్నగా ఉంది. ఎందుకంటే ఆ నెంబరుని గ్రైండరుతో గీకేసింది నేనే. పదమూడేళ్ళ కిందట, పేరు పెట్టిన రోజు. ఒకే బండికి రెండు నెంబర్లుంటే పాతది అలిగి దిగిపోతుందని ఎవరో ముసలమ్మ అంటే, నిజమేనని అందరం తలలూపాం. నాకు మెకానిక్కునన్న గర్వం. నేనే చేస్తానని గ్రైండరు పట్టుకున్నాను. నిప్పురవ్వలు లేస్తుంటే పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎంత అందంగా, ఒక్క గీత కూడా మిగలకుండా గీకానో!

వారం రోజులుగా మావని తిడుతున్నాను, యంత్రాన్ని తిడుతున్నాను. అసలు తిట్టాల్సినదాన్ని అద్దంలో చూసుకుని తిట్టలేదు. ఇప్పుడు రాస్తున్నాను. బుద్ధి లేని ముండని నేను.

“గౌరవనీయ వినియోగదారు గారూ, లైనులో ఉన్నారా?”

“ఉన్నాను. చట్రం మీద సంఖ్య లేదు. అరిగిపోయింది.”

“అటువంటప్పుడు మీ వాహనాన్ని సంఖ్య లేని వాహనంగా నమోదు చేసుకోవచ్చును. సంఖ్య లేని వాహనాలకు మాత్రం వినియోగదారు పంపిన కొలతల ప్రకారం భాగాలు తయారు చేయబడతాయి. పరిమితి ఒక్క పర్యాయం.”

నేను విన్నది నిజమేనా అని మళ్ళీ చెప్పించుకున్నాను. నెంబరున్న బండికి కొలతలు తీసుకోరు. నెంబరు లేని బండికి తీసుకుంటారు. ఒక్కసారే. అది కూడా తప్పితే ఇంక అంతే. ఈ రూలు రాసినవాడు నా ఎదురుగా ఉంటే ఆ ఆరు బోల్టుల హబ్బు పెట్టి కొట్టేదాన్ని.

“నమోదుకు ఏం కావాలి?”

“ప్రస్తుతం అమర్చి ఉన్న ప్లేటును తొలగించి కేంద్రానికి సమర్పించాలి. అది నాశనం చేయబడుతుంది. సదరు సంఖ్య శాశ్వతంగా రద్దవుతుంది.”

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి అందర్నీ షెడ్డు ముందుకి పిలిచి విషయం చెప్పాను. తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు. మన ఊరు పోయింది, ఇళ్ళు పోయాయి, మిగిలింది ఆ రేకొక్కటే, దాన్నీ పంపేస్తావా అన్నారు. మావ చెయ్యెత్తి అందర్నీ ఆపాడు.

“ఆ పేటు మనందరిదీ కాదు. పారమ్మది. పారమ్మ సెప్పాలి.”

అందరూ అప్ప వైపు తిరిగారు. ఎందుకు ఆమెదో ఇక్కడ రాయాలి. ఆ బస్సు డ్రైవరు మా దాలయ్య బావ, అప్ప పెనిమిటి. నలభై ఒక్క కుటుంబాలని గుట్ట ఎక్కించి, ఇంకా మిగిలిపోయినవాళ్ళ కోసం ఒక్కడే బస్సు తిప్పుకుని వెళ్ళాడు. పది రోజుల తర్వాత బురదలోంచి బస్సుని బయటికి లాగాం. బావ దొరకలేదు.

అప్ప బల్ల మీంచి లేవలేదు. కూర్చునే చెప్పింది. “పేటు తియ్యడానికి నేదు. రోజుకి రెండు సంచులు వాడతాను. లాగీగలను.”

“ఎన్నాళ్ళు లాగుతావు? ఈ పేటున్నన్నాళ్ళూ ఆరు బోల్టులదే వొత్తాది!”

“రానీ. నా ఒళ్ళు, నా ఇట్టం.”

“నీ ఇట్టమేటే! నీ ఒక్కదానిదేటే ఆ ఒళ్ళు?”

“తవిటీ, నోర్ముయ్.”

పెద్దది కదా, అందరి ముందూ అనేసింది. నేను నోరు మూసుకున్నాను. మావ తల దించుకుని వెళ్ళిపోయాడు. సభ అయిపోయింది. తీర్మానం లేదు. కమిటీ పుస్తకంలో “వాయిదా” అని రాసుకున్నారు. మూత్రపిండాలకి వాయిదాలుంటాయా?

ఉప్పుగాలి నెల, 11

తెల్లారగానే బైరాగినీ మావనీ షెడ్డుకి పిలిచాను. ప్లేటు సంగతి తర్వాత, ముందు కొలవండి అన్నాను. మా షెడ్డులో పద్ధతి ఒకటే. ముగ్గురు కొలవాలి, ఒకరి కొలత ఒకరికి చెప్పకూడదు, వేరే వేరే కాగితాల మీద రాసి బోర్లించాలి. మూడూ తిప్పి చూసినప్పుడు ఒకటే అంకె కనిపించాలి.

బోల్టుల మధ్య దూరం మూడు కాగితాల మీదా ఒకటే. బయటి గూడు ఒకటే. యాక్సిలు తొడిగే లోపలి కన్నం దగ్గర తేడా వచ్చింది. నాదీ బైరాగిదీ నలభై ఆరు మిల్లీమీటర్లు. మావది నలభై అయిదు.

“కొలవడం రాదేటి మావా నీకు? కొలిసేటప్పుడు పరికరం తిన్నగా పట్టుకోవాల!”

“తిన్నగానే పట్టినానే,” అన్నాడాయన, గొణుగుతున్నట్టు.

వినలేదు. నా కొలతతోనే తాటిమొద్దుని చెక్కి హబ్బు నమూనా చేశాను. ఏ భాగమైనా ఆర్డరు పెట్టే ముందు చెక్కతో చేసి తొడిగి చూడనిదే నాకు నిద్ర పట్టదు. తొడిగాను. లొడలొడలాడింది. బోల్టులు సరిగ్గా కూర్చున్నాయి, కన్నం మాత్రం వదులు.

అప్పుడు వెలిగింది బుర్ర. నేనూ బైరాగీ కొలిచింది పగిలిన హబ్బు కన్నాన్ని. బేరింగు పట్టేసి లోపల తిరిగీ తిరిగీ ఆ కన్నం ఒక మిల్లీమీటరు అరిగిపోయింది. అరిగినదాన్ని కొలిచి, అరిగినదాన్నే కొత్తగా చేయించుకోబోయాను. మావకి హబ్బు కన్నంలో పరికరం దూర్చడం చేతకాక, వెళ్ళి యాక్సిలునే కొలిచాడు. యాక్సిలు గట్టి ఉక్కుది, అది అరగలేదు. ఆయనదే సరైన అంకె.

“నీదే రైటు మావా,” అన్నాను. ముప్పై ఏళ్ళ అనుభవం, వెంట్రుకంత తేడా రాదు అని ఆ సహాయినితో గొప్పలు పోయిన నోరే ఇది.

నలభై అయిదుకి ఇంకో నమూనా చెక్కాను. తొడిగితే చేత్తో నెట్టినంత ఒత్తిడికి వెళ్ళి కూర్చుంది. ఊపితే ఊగలేదు. అప్పుడు కాగితం నింపాను. ముగ్గురం సంతకాలు పెట్టాం.

ఇంకా మిగిలింది ప్లేటు. బుట్ట ఎగరడానికి రెండు గంటల టైముంది.

సుత్తి, ఉలి తీసుకుని బండి ముందుకి వెళ్ళే సరికి అప్ప అక్కడ బల్ల వేసుకుని కూర్చుని ఉంది. ఇంటి నుంచి ఇక్కడికి వంద అడుగులు నడవడానికే రొప్పుతోంది. ఎవరు చెప్పారో తెలీదు. ఎవరూ చెప్పక్కర్లేదేమో, నా సంగతి పుట్టినప్పటినుంచీ తెలిసింది ఆమెకే.

“శవం కూడా దొరకనేదే నాకు,” అంది. “ఈ రేకు ముక్కే నాకు ఆడు. ఇదొట్టుకెల్లి బుట్టలో పడీసి నన్ను బతికిత్తావా?”

“బతికిత్తాను.”

“నన్నడక్కుండానా?”

“నిన్న అడిగినాను. వొద్దన్నావు. ఇయ్యాల అడగను.”

మొదటి రివిట్టు మీద ఉలి పెట్టి కొట్టాను. అప్ప ఏడిస్తే ఆగిపోయేదాన్నేమో. ఏడవలేదు. నా చేతుల వైపే చూస్తూ కూర్చుంది. మూడో రివిట్టు తెగాక ప్లేటు ఒకవైపుకి వేలాడింది. అప్పుడు వెనకనుంచి రెండు చేతులొచ్చి దాన్ని కిందినుంచి పట్టుకున్నాయి. కూర్మినాయుడు మావ. కింద పడకుండా పట్టుకున్నాడు. నేను నాలుగోది కొట్టాను.

ఆ ప్లేటుని భుజం మీది తువ్వాలుతో తుడిచి, అదే తువ్వాల్లో చుట్టి బుట్టలో పెట్టింది ఆయనే. బుట్ట పన్నెండింటికి లేచింది. అది కనిపించకుండా పోయాక చూస్తే బల్ల ఖాళీగా ఉంది. అప్ప ఇంటికెళ్ళిపోయింది.

ఉప్పుగాలి నెల, 14

కాలనీలో నాతో ఎవరూ మాట్లాడటం లేదు. టీ కొట్టు దగ్గర గ్లాసు నా ముందు పెట్టి మొహం తిప్పుకుంటున్నారు. షెడ్డుకొచ్చి, ప్లేటున్న చోట మిగిలిన నాలుగు కన్నాల్ని ముట్టుకుని కళ్ళకద్దుకుని వెళ్తున్నారు. అద్దుకోండి. నాకేం.

అప్ప తలుపు తియ్యట్లేదు. రోజుకి నాలుగు సార్లు, సంచి మార్చే వేళకి వెళ్ళి గుమ్మంలో కూర్చుంటున్నాను. మొదటి రోజు రెండు సార్లు మార్చలేదు. నేనక్కడే కూర్చుని, కాలనీ మొత్తానికి వినపడేలా అరిచాను. “అప్పా, మార్సుకో! మార్సుకోపోతే తలుపు కోసీసి లోపలికొత్తాను! కోతమిసను నా సేతిలోనే ఉన్నాది!” చేతిలో నిజంగానే ఉంది. కాసేపటికి కిటికీ తెరుచుకుని ఖాళీ సంచి వచ్చి నా మొహాన పడింది. తడి ఇంకా ఆరలేదు. లెక్క రాసుకున్నాను.

అప్పటినుంచీ నాలుగూ పడుతున్నాయి, నాలుగూ నా మొహానే. కానీ కాళ్ళ వాపు దిగలేదని పక్కింటామె గోడవతల నుంచి, నాతో కాదన్నట్టు, గోడతో చెప్పింది. మూడు సంచులతో నెట్టుకొచ్చిన రోజులు ఒంట్లోనే కూర్చున్నాయి. రక్తం చూసి సూది మందు వెయ్యాలి, అది ఇక్కడ లేదు.

ఉప్పుగాలి నెల, 18

బుట్ట పొద్దున పదింటికి దిగింది. ఈసారి షెడ్డు ముందు జనం లేరు. నేనూ, బైరాగీ, మావా.

విప్పే ముందు చేతులు కడుక్కున్నాను. ఎందుకో తెలీదు. అయిదు బోల్టులు. బోల్టులు చూసి సంబరపడే వయసు దాటిపోయింది, ముందు చెక్క నమూనా తెచ్చి పక్కన పెట్టి కొలిచాను. తర్వాత యాక్సిలుకి పట్టించి అరచేత్తో నెట్టాను. ఎక్కడా తట్టకుండా, ఎక్కడా వదులు లేకుండా వెళ్ళి ఆనుకుంది. చక్రం బిగించి తిప్పితే గాలికి తిరిగినట్టు తిరిగింది, చప్పుడు లేదు.

బైరాగి కళ్ళు తుడుచుకున్నాడు. మావ “ఒలమ్మ” అన్నాడు. నాకు మాత్రం కోపమే వచ్చింది. ఇంత తేలికైన పని ఇది! తొడిగి చూసి, కొలిచి, ఆర్డరు పెడితే సరిపోయే పనికి పదహారు రోజులు, ఒక మనిషి కాళ్ళూ, బావ ప్లేటూ పెట్టాం.

సాయంత్రం దాకా గుట్ట చుట్టూ ఇరవై కిలోమీటర్లు నడిపించాను. హబ్బు మీద చెయ్యి పెట్టి చూశాను, వేడి లేదు. రేపు తెల్లారగానే బయల్దేరాలి.

ఉప్పుగాలి నెల, 19

అప్ప తనంతట తను నడిచి రాలేకపోయింది. మంచంతో సహా మోసుకొచ్చి వెనక సీట్లలో పడుకోబెట్టాం. ఎక్కించేటప్పుడు ప్లేటు ఉండే చోటు కనపడకుండా మొహం అటు తిప్పుకుంది. శ్వాస తీస్తుంటే గురగుర చప్పుడు.

నూటపది కిలోమీటర్ల దారి పట్టాం. నీళ్ళు కావాలా అంటే కళ్ళు మూసుకుంది. నేను చక్రం చప్పుడు వింటూ కూర్చున్నాను. ఉప్పుపర్ర మీద ఎండ కొట్టి కళ్ళు మండాయి. తొంభయ్యో కిలోమీటరు దగ్గర అప్ప శ్వాస చప్పుడు ఆగినట్టనిపించి వెనక్కి దూకాను. ఆగలేదు, సన్నబడిందంతే. బైరాగి అద్దంలోంచి నా మొహం చూసి, అడక్కుండానే వేగం పెంచాడు.

నల్లకొండ ఆసుపత్రి గేటు దగ్గర ఒక నర్సు కాగితాల పుస్తకం పట్టుకుని నిలబడి ఉంది. మనిషే. చాన్నాళ్ళకి ఒక మనిషి మాకు అడ్డం నిలబడటం చూశాను.

“పేరు?”

“పారమ్మ.”

“బండి నెంబరు?”

“నెంబరు లేదమ్మా. సంఖ్య లేని వాహనం కింద రాయించాం. ముందు ఆమెని లోపలికి తీసుకెళ్ళండి.”

“నెంబరు రాయనిదే చీటీ రాదండీ. ఏ బండిలో వచ్చారో రాయాలి. రూలు.”

నాలో ఏదో తెగిపోయింది. పదిహేడు రోజులుగా మింగుకున్నదంతా నోట్లోకి వచ్చింది. ఆ పుస్తకం లాక్కుని ముక్కలు చేద్దామని చెయ్యి చాచాను. వెనకనుంచి అప్ప గొంతు వినిపించింది.

“రాసుకో అమ్మా.”

ఆమె తల ఎత్తలేదు. పడుకునే, ఒక్కొక్క అంకెకీ ఊపిరి తీసుకుంటూ చెప్పింది. “తొమ్మిది... సున్నా... నాలుగు... ఒకటి.”

అది బావ బస్సు నెంబరు. అప్ప బావ పేరు ఏనాడూ నోటితో పలికి ఎరగదు, పాతకాలపు మనిషి. బావ పోయాక ఆ నెంబరు కూడా పలికేది కాదు. అందరూ పలికేవాళ్ళు, పిల్లలు దాన్ని పాటగా పాడేవాళ్ళు, ఆమె మాత్రం “ఆ బస్సు” అనేది. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి అది ఆమె నోటి నుంచి విన్నాను.

నర్సు రాసుకుంది. చీటీ ఇచ్చింది. ఇద్దరొచ్చి అప్పని చక్రాల మంచం మీదికి మార్చారు.

నాలుగు గంటలు లోపల ఉంచారు. రక్తం చూశారు, మందు వేశారు, పొట్టలోంచి మూడు లీటర్ల నీరు అదనంగా దింపారు. రెండు రోజులు ఇక్కడే ఉండాలన్నారు. తర్వాత సంచుల పెట్టెలు తెచ్చి మంచం పక్కన దించారు. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను.

అప్ప కళ్ళు తెరిచింది. మొహం ఉబ్బు కొంచెం దిగింది. నన్ను చూసింది. ఎనిమిది రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట ఇది.

“ఏటలాగ గుడ్లప్పగించి సూత్తావు? సంచులు లెక్కెట్టు. ఈళ్ళు ఎప్పుడూ తక్కువే ఇత్తారు.”

నేల మీద కూర్చుని ఒక్కొక్కటీ బయటికి తీసి లెక్కపెట్టాను. ఒక్కటి తక్కువైనా ఆసుపత్రి పైకప్పు ఎగిరిపోయేలా అరుద్దామనుకున్నాను. సరిగ్గా నెలకి సరిపడా నూట ఇరవై ఉన్నాయి. అప్ప నమ్మలేదు, మళ్ళీ లెక్కపెట్టమంది. మళ్ళీ లెక్కపెట్టాను.